మన యల్లాప్రగడ సుబ్బారావు - మందూ, మందుకు లొంగని పురుగూ

భీమవరం పేరు చెప్తే ఇవాళ ఎవరికైనా రొయ్యల చెరువులూ, సంక్రాంతి కోడిపందాలూ గుర్తొస్తాయి. ఆ ఊళ్ళోనే 1895 జనవరి 12న పుట్టిన ఒక పిల్లవాడు పెద్దవాడై, ప్రపంచంలో కోట్లాది మంది మింగిన మందులకు కారకుడయ్యాడన్న సంగతి చాలామందికి తెలియదు. మన కళాశాలలో జీవశాస్త్రం చదివేవాళ్ళల్లో కూడా సగంమందికి తెలియదని నా అనుమానం. అందుకే ఈ సంచికలో యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితాన్ని నాకు చేతనైనంతలో రాస్తున్నాను. కొవ్వూరు 2022లో జిల్లాల విభజనలో తూర్పు గోదావరిలో కలిసిపోయి, భీమవరం పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణం అయింది గానీ, అంతకు ముందు రెండూ ఒకే జిల్లా. కాబట్టి ఆయన మనవాడని చెప్పుకునే హక్కు మనకు పూర్తిగా ఉంది.

తండ్రి జగన్నాథంగారు రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. పిల్లవాడికి చదువు మీద పెద్ద ధ్యాస లేదు. పదమూడేళ్ళప్పుడు కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని ధనవంతుడైపోదామని ఇల్లు వదిలి బయల్దేరాడు. తల్లి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. రాజమండ్రిలో చదువు సాగలేదు. తండ్రి పోయాక తల్లి నగలు అమ్మి చదివించింది. చివరకు మద్రాసు హిందూ హైస్కూల్లో మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కాడు. ఈ ముక్క మన కళాశాలలో సప్లిమెంటరీ రాసే మిత్రులందరికీ ఊరటగా ఉంటుందని ప్రత్యేకంగా చెప్తున్నాను!

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. సన్యాసికి బదులు డాక్టరయ్యాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకు స్నేహితులూ, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారూ సాయం చేశారు. ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరితోనే 1919లో పెళ్ళయింది. అవి స్వాతంత్ర్యోద్యమం రోజులు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి ఖద్దరు కోటు వేసుకుని వెళ్ళేవాడు. శస్త్రచికిత్స ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డు దొరగారికి అది కిట్టలేదు. ఫలితం, బాగా చదివినా ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. ఒక కోటు గుడ్డ కోసం ఒక పట్టా పోయింది. ఆ దొర గనక ఆ పట్టా ఇచ్చి ఉంటే సుబ్బారావు ఏ జిల్లా ఆస్పత్రిలోనో సర్కారు డాక్టరుగా స్థిరపడి ఉండేవాడేమో. చెప్పలేం.

ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో పోయారు. ఆ జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడుతుంది, మనిషి చూస్తుండగానే చిక్కిపోతాడు. డాక్టరు చదువు చదివి కూడా సుబ్బారావు ఏమీ చెయ్యలేకపోయాడు. కొన్నాళ్ళకు ఆ జబ్బే ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు. ఆ లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం శరీరశాస్త్రం చెప్పాడు. ఇంగ్లీషు వైద్యం చేతగాక వదిలేసిన చోట దేశవాళీ వైద్యం ఎలా పనిచేసిందన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. దాంతో పరిశోధనకు అమెరికా పోవాలన్న పట్టుదల వచ్చింది.

డబ్బు కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి నుంచి కొంతా, మామగారి నుంచి కొంతా. 1922 అక్టోబరులో బోస్టన్ నగరంలో దిగాడు. మూడేళ్ళలో వచ్చేస్తానని భార్యకు చెప్పి వెళ్ళిన మనిషి మళ్ళీ ఈ గడ్డమీద అడుగుపెట్టలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసికందుగానే పోయాడు. ఆ బిడ్డ మొహం కూడా ఆయన చూడలేదు. శేషగిరమ్మగారి గురించి పుస్తకాల్లో రెండు ముక్కలకు మించి ఉండదు. నాకు ఆ సంగతి ఎందుకో మింగుడుపడదు. ఈ జీవితానికి అయిన ఖర్చులో సగం ఆవిడ చెల్లించింది మరి.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల డిప్లొమా చదివాడు. మన ఎల్.ఎం.ఎస్. అక్కడ డాక్టరు ఉద్యోగానికి పనికిరాలేదు. పొట్ట గడవడానికి రాత్రిపూట ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పళ్ళాలు ఎత్తిపోసి కడిగే పని చేశాడు. ఉన్న ఊళ్ళో ఆ పని చేస్తే వెలివేసే రోజులవి. పగలు మాత్రం సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర జీవరసాయన పరిశోధన. అక్కడ కూడా ఆయన చేతిలో ఉన్నవి మూత్రమూ, రక్తమే. వాటిలో భాస్వరం ఎంత ఉందో కొలవడానికి వీళ్ళిద్దరూ కలిసి ఒక పద్ధతి కనిపెట్టి 1925లో ప్రకటించారు. భాస్వరం ఉన్న ద్రావణంలో మాలిబ్డేటు కలిపి, తగిన మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. దీన్నే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. వందేళ్ళు గడిచినా ప్రయోగశాలల్లో ఆ పేరు చెక్కుచెదరలేదు. ప్రాక్టికల్స్‌లో పరీక్షనాళిక నీలంగా మారగానే రీడింగు రాసుకుని చేతులు కడుక్కునే మిత్రులు ఆ రెండో పేరు ఎవరిదో ఒకసారి తల్చుకుంటే బాగుండు.

ఆ పద్ధతి చేతికొచ్చాక కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఆపైన 1929లో ఏ.టి.పి.నీ పట్టుకున్నారు. జీవకణానికి శక్తి ఏ రూపంలో ఖర్చవుతుందో చెప్పే పదార్థం అది. అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. 1930లో సుబ్బారావుకు డాక్టరేటు వచ్చింది, స్థిరమైన ఆచార్య పదవి మాత్రం రాలేదు. ఆ ప్రయోగశాలలోనే చదువుకున్న జార్జి హిచింగ్స్ అనే ఆయన చాలాకాలం తరవాత ఒక సంగతి బయటపెట్టాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్కే బయటకు రానివ్వలేదనీ, వాటిని వేరేవాళ్ళు ఏళ్ళ తరవాత మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందనీ దాని సారాంశం. ఈ హిచింగ్స్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.

1940లో సుబ్బారావు విశ్వవిద్యాలయం వదిలి న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరాడు. రెండేళ్ళకల్లా పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. ఇక్కణ్ణుంచి ఎనిమిదేళ్ళ కథ నిజంగా ఆశ్చర్యంగా ఉంటుంది. ఫైలేరియాకు హెట్రజాన్ అనే మందు వచ్చింది. బోదకాలు మన గోదావరి డెల్టాకు ఎంత పాత చుట్టమో చెప్పక్కర్లేదు. దాని నివారణకు ఊరూరా పంచిన డి.ఇ.సి. మాత్రలు అవే.

ఫోలిక్ ఆమ్లం సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడుంది. 1930 ప్రాంతంలో బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతను లూసీ విల్స్ అనే డాక్టరమ్మ ఈస్టు సారంతో నయం చేసింది. ఆ సారంలో ఏముందో అప్పటికి తెలియదు. కాలేయంలోనూ, ఆకుకూరల్లోనూ కూడా అది ఉందని తేలింది. సుబ్బారావు బృందం ఆ పదార్థాన్ని వేరుచేసి, ప్రయోగశాలలో తయారుచేసి, 1945లో ప్రకటించింది. అదే ఫోలిక్ ఆమ్లం. స్ప్రూ రోగికి ఇవాళ డాక్టరు ఇచ్చే వాటిలో అదొకటి. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకు దాని మందు తమ్ముడి చేతికి వచ్చింది.

కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. మరి దాన్ని పోలిన నకిలీ పదార్థం ఇస్తే? తాళంలో తప్పు తాళంచెవి విరిగినట్టు, కణం ఆగిపోతుంది. ఆ నకిలీలను కూడా సుబ్బారావు బృందమే చేసి పంపింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు రక్తక్యాన్సరుతో చనిపోబోతున్న పదహారుమంది పిల్లలకు ఎమినోప్టెరిన్ ఇచ్చి చూస్తే పదిమందికి గుణం కనిపించింది. ఇది 1948 నాటి మాట. అయితే ఆ గుణం నిలవలేదు. కొన్ని నెలలకు క్యాన్సరు కణాలు మందుకు అలవాటుపడి తిరగబడ్డాయి. దాని తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

ఇంక ఆరియోమైసిన్. అప్పటికి పెన్సిలిన్ వచ్చింది, స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. ఒక్కో మందూ కొన్ని సూక్ష్మజీవుల మీదే పనిచేసేది. అన్నిటిమీదా పనిచేసేది ఏదైనా మట్టిలో దొరుకుతుందేమోనని సుబ్బారావు వెతికించాడు. ఆ పనికి బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుణ్ణి పెట్టారు. ఉద్యోగ విరమణ చేసి డెబ్భై దాటిన మనిషి! దేశదేశాల మట్టి నమూనాలు తెప్పించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో శాన్‌బార్న్ ఫీల్డు అనే పాత ప్రయోగక్షేత్రం ఉంది. 1888 నుంచి అక్కడ పంటమార్పిడి, ఎరువుల ప్రయోగాలు చేస్తున్నారు. అందులో ఒక గడ్డిమడి మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాన్నించి వచ్చిన మందు కూడా పసుప్పచ్చగా ఉంది కనక ఆరియోమైసిన్ అన్నారు. 1948 జూలైలో న్యూయార్కులో పండితుల సభలో దాన్ని ప్రకటించారు. పేటెంటు డగ్గర్ పేరున ఉంది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటి బిడ్డ ఇదే. 1994లో సూరత్‌లో ప్లేగు అన్నప్పుడు జనం దుకాణాల ముందు వరసకట్టింది ఈ కుటుంబం మాత్రల కోసమే.

ఆ సభ జరిగి ఇరవై రోజులు తిరక్కుండా, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు యాభైమూడు. చివరిదాకా అమెరికా పౌరుడు కాలేదు. స్వతంత్ర భారతదేశం వయసు అప్పటికి ఏడాది.

జీవిత చరిత్రలు సాధారణంగా ఇక్కడ ఆగుతాయి. కానీ ఆయన చేతి మందుల కథ ఇక్కడ ఆగలేదు. ఆ రెండో కథ మా ఇంటి గుమ్మందాకా వచ్చింది కనక అదీ రాస్తాను.

మా మేనత్త మనవరాలికి మూడేళ్ళు. ఆ పిల్లకి ఉండుండి జ్వరం వచ్చేది. దగ్గు లేదు, జలుబు లేదు. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన ఓ సిరప్పు ఇచ్చేవాడు. మూడ్రోజులకి తగ్గేది, ఇంట్లో వాళ్ళు సీసా పక్కన పెట్టేసేవాళ్ళు. మళ్ళీ నెలకి జ్వరం. ఈసారి మెడికల్ షాపులోంచి ఇంకో సిరప్పు. నాలుగోసారి వాంతులు పట్టుకుంటే రాజమండ్రి తీసుకెళ్ళారు. పిల్లల డాక్టరుగారు మందు మొదలుపెట్టకముందే మూత్రం పట్టించి కల్చరుకు పంపారు. రెండ్రోజులకి కాగితం వచ్చింది. మూత్రంలో ఇ. కోలై. దానికెదురుగా మందుల వరస, ప్రతి మందు పక్కనా ఒక అక్షరం. ఎస్ అంటే పురుగు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ఆ కాగితం మీద ఆర్‌లే ఎక్కువ. నన్ను సైన్సు చదువుతున్నవాణ్ణని అందరూ కాగితం నా చేతిలో పెట్టి చదవమన్నారు. ఆంపిసిలిన్ ఆర్, టెట్రాసైక్లిన్ ఆర్, కోట్రైమాక్సజోల్ ఆర్.

ఇ. కోలై మనందరి పేగుల్లో ఉండేదే. అక్కడున్నంతసేపు తగువు లేదు. మలద్వారం నుంచి మూత్రమార్గంలోకి పాకితేనే చిక్కు. ఆడపిల్లలకు ఆ దారి పొట్టి కనక ఎక్కువగా వస్తుంది. పసిపిల్లల్లో మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు చాలామటుకు దీనివల్లే. పెద్దవాళ్ళయితే మంట అని చెప్తారు, పిల్లలు చెప్పలేరు. ఒట్టి జ్వరం, ఏడుపు, పాలు తాగకపోవడం, అంతే. మూత్రాశయం నుంచి పైకి ఎగబాకి మూత్రపిండాన్ని పట్టుకుంటే అక్కడ మచ్చ పడవచ్చు, ఆ మచ్చ పెద్దయ్యాక రక్తపోటుగా తేలవచ్చు. అందుకే కారణం తెలియని జ్వరానికి మూత్రపరీక్ష ముందు, సిరప్పు తరవాత అని డాక్టర్లు మొత్తుకుంటారు. మన ఊళ్ళల్లో వరస తలకిందులు.

కోట్రైమాక్సజోల్ అంటే మన మెడికల్ షాపుల్లో సెప్ట్రాన్ అని పాతవాళ్ళు అడిగేది. అందులో రెండు మందులు. మనం ఫోలిక్ ఆమ్లాన్ని తిండిలోంచి తీసుకుంటాం, సూక్ష్మజీవి మాత్రం తనే వండుకుంటుంది. ఆ వంటలో ఒక మెట్టును సల్ఫా మందు ఆపుతుంది, తరవాతి మెట్టును ట్రైమెథోప్రిమ్ ఆపుతుంది. ఈ ట్రైమెథోప్రిమ్‌ను తయారుచేసింది ఎవరనుకున్నారు? ఇందాక చెప్పిన హిచింగ్సే, ఆయన బృందమే. 1988లో గెర్ట్రూడ్ ఎలియన్‌తో పాటు నోబెల్ బహుమానంలో ఆయనకూ వాటా వచ్చింది. మెథోట్రెక్సేట్ పట్టుకునేదీ, ట్రైమెథోప్రిమ్ పట్టుకునేదీ ఒకే ఎంజైము. కాకపోతే రెండోది మనిషి ఎంజైము జోలికి అంతగా పోదు, సూక్ష్మజీవి ఎంజైమునే పట్టుకుంటుంది. హార్వర్డులో ఒక గదిలో పనిచేసిన ఇద్దరూ వేర్వేరు కంపెనీల్లో ఫోలిక్ ఆమ్లం చుట్టూనే తిరిగారన్నమాట.

మరి పురుగు ఎలా తప్పించుకుంది? ట్రైమెథోప్రిమ్ పట్టుకోలేని ఇంకో ఎంజైమును అదనంగా తయారుచేసుకునే జన్యువు దానికి దొరికింది. టెట్రాసైక్లిన్ లోపలికి రాగానే దోనెలోంచి నీళ్ళు తోడి పారబోసినట్టు బయటికి తోసేసే పంపు ఇంకోటి దొరికింది. ఈ జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న ఉంగరం మీద ఉంటాయి. ఒక సూక్ష్మజీవి పక్కదానికి ఆ ఉంగరాన్ని అందించగలదు, జాతి వేరైనా సరే. ఒకే ఉంగరం మీద నాలుగైదు మందులకు జవాబులుంటాయి కనక, ఒక మందు వాడితే మిగతావాటికి లొంగనివీ పెరుగుతాయి. మా పిల్లకి జన్మలో ఎవరూ టెట్రాసైక్లిన్ ఇవ్వలేదు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఇస్తే పళ్ళు గారకడతాయని డాక్టర్లు ఇవ్వరు. అయినా ఆ వరసలో ఆర్ ఎందుకుంది?

దానికి ఒక జవాబు మళ్ళీ లెడర్లీ ప్రయోగశాలలోనే ఉంది. సుబ్బారావుగారు పోయిన కొద్దికాలానికే అక్కడి జూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు ఆరియోమైసిన్ తీసేయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపారు. కోళ్ళు తొందరగా ఎదిగాయి! కారణం ఆ పిప్పిలో మిగిలిన మందు. ఇంకేముంది, 1950ల నుంచి టన్నులకు టన్నులు మేతల్లోకి పోయింది. 1976లో స్టువర్ట్ లెవీ అనే శాస్త్రజ్ఞుడు ఈ తరహా మేత పెట్టిన ఒక కోళ్ళఫారంలో పరీక్షలు చేశాడు. ఒకటి రెండు రోజుల్లోనే కోళ్ళ పేగుల్లో లొంగని ఇ. కోలై వచ్చింది, కొన్ని నెలలకు ఆ ఇంట్లో మనుషుల పేగుల్లో కూడా కనిపించింది. వాళ్ళెవరూ మందు మింగలేదు.

మాది వ్యవసాయ కుటుంబం. పెరట్లో కోళ్ళున్నాయి, పాడి గేదెలున్నాయి, చుట్టాలకు చెరువులున్నాయి. మేతలో ఏం కలిసిందో బస్తా మీద చదివే అలవాటు మావాళ్ళకు లేదు, చదివినా అర్థమయ్యేట్టు రాయరు. ఎకరాకు రాబడి లెక్క చూసుకునే రైతును దీనికి తిట్టి లాభం లేదని నా అభిప్రాయం. చెరువులో రోగం తగిలితే ఒక్క రాత్రిలో లక్షలు పోతాయి, ఎవరేది చెప్తే అది పోస్తాడు. 2019లో కొలిస్టిన్ అనే చివరి అస్త్రంలాంటి మందును పశువులకూ, కోళ్ళకూ, చేపలకూ వాడకూడదని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అంతకుముందే, 2014 నుంచి, కొన్ని యాంటీబయాటిక్కులు అమ్మితే దుకాణదారు చీటీ వివరాలు రిజిస్టరులో రాయాలన్న నిబంధన వచ్చింది. ఆ రిజిస్టరు ఎక్కడుందో చూపించమని అడిగే కొనుగోలుదారుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇదంతా మన ఒక్క డెల్టా గొడవ కాదు. పిల్లల మూత్రంలోని ఇ. కోలై మీద అనేక దేశాల పరిశోధనలను కలిపి చూసి 2016లో ఒక నివేదిక వచ్చింది. సంపన్న దేశాల్లోనే సగానికి పైగా నమూనాలు ఆంపిసిలిన్‌కు లొంగలేదు, మనలాంటి దేశాల్లో నూటికి ఎనభై దాకా లొంగలేదు. అంతకుముందు ఆర్నెల్లలో ఏదైనా యాంటీబయాటిక్ వాడిన పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. 2019 ఒక్క సంవత్సరంలోనే మందులకు లొంగని సూక్ష్మజీవుల వల్ల ప్రపంచంలో పన్నెండున్నర లక్షలకు పైగా చనిపోయారని ఇంకో లెక్క.

మా మేనత్త మనవరాలికి ఆ కాగితం మీద ఎస్ ఉన్న ఒక ఇంజెక్షను ఇచ్చారు, తగ్గింది. స్కానింగులో మూత్రపిండాలు బాగానే ఉన్నాయన్నారు. ఇకమీదట జ్వరం వస్తే ముందు మూత్రం పట్టించి తెమ్మని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మా మేనత్త ఇప్పుడు ఊళ్ళో ఎవరి పిల్లకి జ్వరమన్నా ముందా ముక్కే చెప్తోంది, ఎవరూ అడక్కపోయినా.

సుబ్బారావుగారి శతజయంతికి 1995లో మన తపాలా శాఖ ఒక బిళ్ళ వేసింది. అంతకు చాలా ముందే, 1950ల్లో, అమెరికా శాస్త్రజ్ఞులు ఒక బూజు జాతికి ఆయన పేరు పెట్టారు, సుబ్బారోమైసిస్ అని. అది దొరికింది ఏ పూలతోటలోనో కాదు, ఊరి మురుగునీళ్ళు శుద్ధిచేసే చోట. టెట్రాసైక్లిన్‌కు లొంగని ఇ. కోలై కోసం ఇవాళ శాస్త్రజ్ఞులు వెతికేది కూడా అలాంటి మురుగునీళ్ళలోనే.